తరిగొండ వెంగమాంబ: హారతి ఇవ్వకూడదన్న చేతులు

ఓం నమో వేంకటేశాయ.

ఈ వారం వీడియోలో మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ గారి గురించి చెప్పుకున్నాం. మన వీడియో నిడివి మీకు తెలిసిందే, అందులో పట్టనివి చాలా మిగిలిపోయాయి. ముఖ్యంగా ఒక్క విషయం. అది చదివినప్పటినుంచీ నాకు మనసులో తిరుగుతూనే ఉంది. దాన్నే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

తిరుమలలో రోజు ముగిసేది ఏకాంత సేవతో. భోగ శ్రీనివాసమూర్తిని ఉయ్యాల మంచం మీద పడుకోబెడతారు. అన్నమయ్య లాలి వినిపిస్తారు. ఆ సేవలోనే ముత్యాల హారతి ఇస్తారు. అది వెంగమాంబ గారి పేరు మీద నడిచే హారతి. "తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి" అని పెద్దవాళ్ళు అంటుంటారు, మీరూ వినే ఉంటారు. పొద్దున్న సుప్రభాతంతో లేచిన స్వామి రాత్రి ఆ హారతి అందుకుని నిద్రపోతాడన్నమాట.

ఇప్పుడు ఒక్క నిమిషం ఆగి, మీ ఇంట్లో జరిగిన ఏదైనా శుభకార్యం గుర్తు తెచ్చుకోండి. హారతి పళ్ళెం ఎవరు పట్టుకున్నారు? "ముత్తయిదువలు రండమ్మా, హారతి ఇవ్వండి" అని పిలుస్తారు. భర్త పోయిన ఆడమనిషి అక్కడే ఉన్నా, కన్నతల్లే అయినా, కాస్త వెనక్కి జరుగుతుంది. ఎవరూ జరగమని అననక్కర్లేదు, తనే జరుగుతుంది. అలా నేర్పించాం మనం.

వెంగమాంబ గారు బాల వితంతువు. లోకం "నువ్వు మంగళహారతికి పనికిరావు" అన్న మనిషి ఆమె. అలాంటి మనిషి హారతితో కలియుగ వైకుంఠంలో ప్రతి రాత్రీ తలుపులు మూస్తున్నారు. రెండు వందల ఏళ్ళు దాటింది. ఇది మనందరికీ తెలిసిన ఆచారమే, కానీ ఇలా పక్కపక్కన పెట్టి చూసుకోం.

తరిగొండలో ఏం జరిగింది

ఆమె పుట్టింది 1730 ప్రాంతంలో. ఊరు తరిగొండ, పాత చిత్తూరు జిల్లాలో గుర్రంకొండ దగ్గర. తల్లి మంగమాంబ, తండ్రి కృష్ణయ్య. ఊళ్ళో లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది, ఇప్పటికీ ఉంది. చిన్నప్పటినుంచీ ఆ గుడే ఆమె లోకం. ఆ కాలపు ఆచారం ప్రకారం చిన్న వయసులోనే పెళ్ళి చేశారు. ఆ కాపురం నిలవలేదు, భర్త చనిపోయాడు.

తర్వాత జరగాల్సింది ఏమిటో ఊరికి తెలుసు. జుట్టు తీయించాలి, బొట్టు తీసెయ్యాలి, ఓ మూల కూర్చోబెట్టాలి. ఆమె ఒప్పుకోలేదు. నా భర్త ఆ వేంకటేశ్వరుడే, ఆయన ఉన్నంతకాలం నేను ముత్తయిదువనే అన్నది ఆమె వాదన. ఇప్పుడు వినడానికి ఇది అందంగా ఉంటుంది. 18వ శతాబ్దంలో ఒక పల్లెటూళ్ళో, ఒక చిన్న అమ్మాయి ఈ మాట అనడమంటే ఏమిటో ఆలోచించండి. వితంతు వివాహాల చట్టం వచ్చింది 1856లో. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. వెంగమాంబ గారు 1817లోనే వెళ్ళిపోయారు. అంటే ఆమెకు చట్టం లేదు, సంస్కర్త లేడు, పేపరు లేదు. ఉన్నది స్వామి ఒక్కడే, ఆ తర్వాత ఒక గురువు.

ఆ గురువు గురించి చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు. మదనపల్లెకు చెందిన సుబ్రహ్మణ్య గురువు. ఆయన దగ్గర ఆమె యోగవిద్య నేర్చుకుంది. చిన్నప్పుడు ఓనమాలు కూడా గురువుల దగ్గర కూర్చుని నేర్చుకోలేదని తన పుస్తకంలో ఆమే చెప్పుకుంది. అలాంటి మనిషిని, ఊరంతా వింతగా చూస్తున్న మనిషిని, ఒక పెద్దాయన శిష్యురాలిగా తీసుకున్నాడు. ఆమె పద్యాలు రాసింది, యక్షగానాలు రాసింది, రాజయోగం మీద ద్విపద కావ్యం రాసింది. తరిగొండలో ఉన్నప్పుడే నృసింహ శతకం, శివ నాటకం, రాజయోగామృతసారం లాంటివి వచ్చాయి. "నేను పూర్తిగా ఒంటరిగా పోరాడాను" అనే కథలు మనకి బాగా నచ్చుతాయి. కానీ ఎవరి కథైనా దగ్గరికెళ్ళి చూస్తే, ఎక్కడో ఓ చోట తలుపు తీసినవాళ్ళు ఒకరు కనిపిస్తారు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. ఒక పీఠాధిపతి వచ్చినప్పుడు ఆమె మీద ఫిర్యాదు చేశారనీ, బలవంతంగా జుట్టు తీయిస్తే నదిలో మునిగి లేచేసరికి మళ్ళీ ఒత్తుగా జుట్టు వచ్చిందనీ కథ చెప్పుకుంటారు. గుడిలో ఆంజనేయస్వామి విగ్రహం వెనక కూర్చుని ధ్యానం చేసుకుంటుంటే పూజారి జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చాడని ఇంకో కథ. మొదటిది మహిమ. నమ్మేవాళ్ళు నమ్మండి, నేను నమ్ముతాను. రెండోదాన్ని నమ్మడానికి మహిమ అక్కర్లేదు. అలాంటివి మన వీధుల్లో ఇప్పటికీ వేరే రూపంలో జరుగుతున్నాయి.

ఆమె ఊరు వదిలేసింది. తిరుమల కొండ ఎక్కింది.

ఊరు వదిలింది, పేరు వదల్లేదు

మనలో చాలామంది ఈ చోట ఆగాలి. "గతాన్ని వదిలెయ్, మూవ్ ఆన్ అయిపో" అని రీల్స్‌లో రోజుకి పది సార్లు చెప్తుంటారు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్. కోడ్‌లో పాత హిస్టరీ చెరిపేసి మొదటినుంచీ శుభ్రంగా ఉన్నట్టు చూపించొచ్చు, దానికి ఒక కమాండ్ ఉంది. మనిషికి ఆ కమాండ్ లేదు. ఉందని చెప్పేవాళ్ళు ఏదో ఒకటి అమ్ముతున్నారని నా అభిప్రాయం.

వెంగమాంబ గారు ఏం చేసిందో చూడండి. తరిగొండ ఆమెని తరిమేసింది. కానీ తిరుమలలో కూర్చుని రాసిన పుస్తకాలు కూడా ఆమె తరిగొండ నరసింహుడికే అంకితం ఇచ్చింది. ఆమెకి ఆ నరసింహుడూ ఈ వేంకటేశుడూ ఒక్కడే. వేంకటాచల మాహాత్మ్యం రాసినా, భాగవతం రాసినా, ఆ స్వామినే పిలిచింది. ఈ రోజు ప్రపంచానికి తరిగొండ అనే ఊరి పేరు తెలిసిందంటే ఆమె వల్లనే. ఏ ఊరు బయటికి ఈడ్చిందో, ఆ ఊరు ఆమె ఇంటిపేరుగా మిగిలింది. కావాలంటే ఆమె "వేంకటదాసి" అనో ఇంకేదో కొత్త పేరు పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు.

దీన్ని క్షమ అనాలా? నాకు తెలీదు, ఆమె మనసులోకి నేను వెళ్ళలేను. నాకు కనిపించేది ఇది: ఊళ్ళో మనుషులు వేరు, ఊళ్ళో స్వామి వేరు అని ఆమె విడదీసుకుంది. మనుషులు చేసిన గాయానికి స్వామిని వదులుకోలేదు. ఇది తేలిక కాదండీ. గుడిలో అవమానం జరిగినవాళ్ళు గుడినే వదిలేస్తారు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమె మాత్రం ఇంకా పెద్ద గుడికి వెళ్ళింది.

తిరుమలలోనూ పూలదారి కాదు. పక్కింటివాళ్ళు పెట్టిన బాధలు పడలేక తుంబురుకోనకి వెళ్ళి కొన్నేళ్ళు తపస్సు చేసుకుందని చెప్తారు. తుంబురు తీర్థం ట్రెక్‌కి వెళ్ళినవాళ్ళకి ఆ దారి ఎలాంటిదో తెలుసు, రాళ్ళు, వాగు, అడవి. అయితే కొండ మీద ఆమెకి నీడ ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. మఠం మహంతు ఒకాయన, తాళ్ళపాక వంశం వాళ్ళు ఆదరించారని ఆమె చరిత్రల్లో ఉంది. అన్నమయ్య ఇంటివాళ్ళు ఈమెకి చోటిచ్చారన్నది తలుచుకుంటే ఆ సామెత ఇంకోలా వినిపిస్తుంది. లాలీ హారతీ అక్కడే పక్కపక్కన చేరాయేమో.

తర్వాత ఆమె చేసిన పని అన్నం పెట్టడం. నృసింహ జయంతికి పది రోజులు కొండ మీదకి వచ్చినవాళ్ళకి అన్నదానం, చలివేంద్రాలు. చూడండి, మళ్ళీ నృసింహ జయంతే, మళ్ళీ తరిగొండ స్వామి పండగే. దాతలు ఆమె అన్నదానానికి ఇచ్చిన దానపత్రాలు కూడా దొరికాయి. ఎక్కడెక్కడివాళ్ళో ఆమెని నమ్మి రాసిచ్చారు. బయటికి గెంటించుకున్న మనిషి లోపలికి పిలిచే మనిషి అయింది.

తిరుమల తిరుపతి దేవస్థానం నిత్యాన్నదానం మొదలైంది 1985 ఏప్రిల్ 6న. ఇప్పుడు మనం తినే పెద్ద భవనాన్ని 2011లో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ గారు ప్రారంభించారు. దాని పేరు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రం. నాలుగు హాళ్ళు, ఒక్కో దాంట్లో ఒకేసారి వెయ్యిమంది కూర్చుని తింటారు. మనం క్యూలో తోసుకుంటూ వెళ్ళి, చక్కెర పొంగలి, అన్నం, సాంబారు తిని, గోవిందా అని లేచి వచ్చేస్తాం. బోర్డు మీద పేరు ఎవరిదో చదవం. నేను కూడా చదివింది మా అత్త చెప్పిన తర్వాతే.

మా కోటపాడులో

మాది కె.కోటపాడు. చోడవరం దగ్గర. మొన్నటిదాకా విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. చెరుకు, బెల్లం, వరి, ఇదీ మా చుట్టుపక్కల. మా అత్త అంటే మా నాన్నగారి చెల్లెలు. పేరు రాయను, తనకి ఇష్టం ఉండదు. ఈ విషయం రాయమని మాత్రం తనే చెప్పింది.

2014లో హుద్‌హుద్ తుపాను వచ్చిన కొన్ని నెలలకే మా మావయ్య రోడ్డు ప్రమాదంలో పోయారు. అత్తకి అప్పుడు ముప్పై ఒకటి. పాప ఆరో తరగతి. నేను ఇంటర్‌లో ఉన్నాను. పదో రోజు చేసినవి నేను చూశాను. గాజులు పగలగొట్టినప్పుడు అత్త ఏడవలేదు. చేతివైపు చూస్తూ కూర్చుంది, అంతే. ఆ చూపు గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు ఆవిడ ఇంట్లోంచి బయటికి రావడం మానేసింది. వీధిలో పేరంటానికి పిలుపు రాదు. పొద్దున్నే ఎవరైనా ఊరెళ్తుంటే ఎదురు పడకూడదని లోపలే ఉండేది. పుట్టింటికి వచ్చినా పూజ గదిలోకి వెళ్ళేది కాదు. "నా జాతకం ఇంతేరా" అనేది. దేవుడి మీద కోపమా అంటే అదీ కాదు. దేవుడికి తను అక్కర్లేదని తీర్మానించేసుకుంది.

మార్పు ఒక మామ్మ వల్ల వచ్చింది. అత్త వాళ్ళ వీధిలో రామాలయం ఉంది, ధనుర్మాసం నెలగంట పట్టిన దగ్గర్నుంచి తెల్లవారుజామున భజన, ప్రసాదం. ఆ ఏడు ప్రసాదం వండే ఆవిడకి ఒంట్లో బాగాలేదు. మామ్మ నేరుగా అత్త గుమ్మంలోకి వచ్చి, "ఏటే, అలాగ కూకుండిపోనావు? పప్పు కడగడానికి బొట్టెందుకే, సేతులుంటే సాలు, రా" అంది. ఆ మామ్మ కూడా భర్త పోయినావిడే, నలభై ఏళ్ళ క్రితం.

అత్త వెళ్ళింది. మొదటి రోజు గుడి వెనక గోడ దగ్గర కూర్చుని పెసరపప్పు కడిగి వచ్చేసింది, లోపలికి వెళ్ళలేదు. వారం తర్వాత పొంగలి తిప్పింది. నెలాఖరుకి గొబ్బిళ్ళ పాటలు తనే అందుకుంది. పెద్ద అద్భుతం ఏమీ జరగలేదు. రోజూ నాలుగింటికి లేవాలి, ఎందుకంటే తను వెళ్ళకపోతే నూరుమందికి ప్రసాదం ఉండదు. బాధలో ఉన్న మనిషిని నిద్ర లేపడానికి ధైర్యం చెప్పే మాటలకంటే ఇది బాగా పనిచేస్తుందని నాకు అప్పుడే అర్థమైంది. మన అవసరం ఒకరికి ఉండాలి, అంతే.

శ్రీరామనవమి, కార్తీక సమారాధన, అన్నిట్లో వంట లెక్క ఇప్పుడు అత్తదే. వందమందికి బియ్యం ఎంత, కందిపప్పు ఎంత, రెండో పంక్తికి సాంబారులో నీళ్ళు ఎంత పొయ్యొచ్చు, అన్నీ నోటికి చెప్తుంది. వంటకి రమ్మని చుట్టుపక్కల ఊళ్ళనుంచి కూడా పిలుస్తారు, డబ్బులు ఇస్తారు. డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని పెద్ద గిన్నెలు, గ్యాస్ పొయ్యి కొనుక్కుంది. పాపని డిగ్రీ చదివించింది.

2019లో భజన బృందం ఆడవాళ్ళు శ్రీవారి సేవకి పేర్లు రాయించుకున్నారు. విశాఖలో తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళారు. వారం రోజుల సేవ. అత్త వాళ్ళకి అన్నప్రసాదం హాల్లో వడ్డన పడింది. తిరిగొచ్చాక నాకు ఫోన్ చేసింది. "ఒరే, ఆ హాలు పేరు ఎవరిదో తెలుసా నీకు? ఆవిడ కూడా నాలాంటిదేనట!" ఆ "నాలాంటిదేనట" అన్నప్పుడు గొంతులో ఉన్నది నేను అంతకుముందు వినలేదు. నేను వెంగమాంబ గారి గురించి వెతుక్కుని చదవడం మొదలుపెట్టింది ఆ ఫోన్ తర్వాతే.

ఆమె ఎంచుకున్న పుస్తకం

చదువుతుంటే నన్ను ఆపేసింది వాసిష్ఠ రామాయణం. సంస్కృతంలో యోగవాసిష్ఠం ఉంది కదా, దాన్ని వెంగమాంబ గారు తెలుగు ద్విపదలో చెప్పారు. ద్విపద అంటే రెండేసి పాదాలుగా నడిచేది, పాడుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఆ గ్రంథం ఎలా మొదలవుతుందో తెలుసా? రాముడు తీర్థయాత్రలు చేసి వస్తాడు. వచ్చాక ఏ పని మీదా మనసు ఉండదు. భోజనం సరిగ్గా చేయడు, ఎవరితోనూ మాట్లాడడు, చిక్కిపోతుంటాడు. ఇంకా పదహారేళ్ళు నిండని కుర్రాడు. దశరథుడికి దిగులు. ఇంతలో విశ్వామిత్రుడు వచ్చి యాగ రక్షణకి రాముణ్ణి పంపమంటాడు. సభకి పిలిపిస్తే రాముడు తన మనసులో ఉన్నదంతా చెప్తాడు. ఈ సంపద ఎందుకు, ఈ శరీరం ఎందుకు, దేనికీ అర్థం కనబడటం లేదని. ఎవరూ "ఛీ, రాకుమారుడివై ఉండి ఏడుస్తావేంటి" అనరు. విశ్వామిత్రుడు మెచ్చుకుంటాడు. వసిష్ఠుణ్ణి బోధించమంటాడు. ఆ బోధ ఏకాంతంలో జరగదు, నిండు సభలో జరుగుతుంది. అందరూ రోజూ వచ్చి కూర్చుని వింటారు. ఒక్కడి దుఃఖం కోసం సభంతా కూర్చుంది.

రెండో ప్రకరణంలో వసిష్ఠుడు మొట్టమొదట తేల్చేది దైవం, పురుషకారం సంగతి. ఇక్కడ దైవం అంటే విధి, తలరాత. వసిష్ఠుడి మాట సూటిగా ఉంటుంది: విధి అని వేరే ఏదీ లేదు, మనం ఇంతకుముందు చేసిన ప్రయత్నానికే ఆ పేరు పెట్టాం. పాత ప్రయత్నం, ఇప్పటి ప్రయత్నం రెండు పొట్టేళ్ళలాగా ఢీకొంటాయి, బలమున్నది గెలుస్తుంది. ఇప్పటిది మన చేతిలో ఉంది కాబట్టి దాన్ని పెంచుకోవచ్చు.

ఇది ఎవరు తెలుగులో రాశారో గుర్తుపెట్టుకుని మళ్ళీ చదవండి. "నీ పూర్వజన్మ పాపం వల్లే నీ భర్త పోయాడు" అని జీవితమంతా విన్న స్త్రీ. కర్మ సిద్ధాంతాన్ని ఆమె తోసెయ్యలేదు. ఆ సిద్ధాంతంలోంచే తనకి దారిచ్చే పుస్తకాన్ని తీసి, తనలా సంస్కృతం చదువుకోని ఆడవాళ్ళు కూడా పాడుకునేలా తెలుగులో పెట్టింది. నాకు తెలిసినంతలో మన సంప్రదాయంలో ఉంటూనే మన ఆచారాన్ని ప్రశ్నించడం అంటే ఇదే. "జాతకం ఇంతే" అని మా అత్త అన్నప్పుడు జవాబుగా ఏం చెప్పాలో నా దగ్గర ఉండేది కాదు. జవాబు మన పుస్తకాల్లోనే, మన భాషలోనే, రెండు వందల ఏళ్ళుగా ఉంది.

ఒక మాట మధ్యలో చెప్పేస్తాను. ఇది చదివి "భక్తి ఉంటే డాక్టరు ఎందుకు" అని ఎవరికీ చెప్పకండి, మీరూ అనుకోకండి. నిద్ర లేక, తిండి సహించక వారాలు గడుస్తుంటే, బతకాలని లేదనిపిస్తుంటే, వెంటనే మాట్లాడండి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ ఉంది, 14416. తెలుగులో మాట్లాడతారు. రాముడికి దిగులొస్తే వసిష్ఠుడి దగ్గర కూర్చోబెట్టారు, వదిలెయ్యలేదు కదా.

పెళ్ళి సంగతి

అత్త కథ ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఈ వ్యాసం రాయక్కర్లేదు. అయిపోలేదు. ఈ మాఘమాసంలో తన కూతురి పెళ్ళి. ముహూర్తం పెట్టుకున్నారు. పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు మొదటి హారతి ఎవరు ఇవ్వాలన్నది మా ఇంట్లో నెలరోజులుగా నలుగుతోంది.

పెద్దవాళ్ళు కొందరు అత్త వరసలో వేరే ఆవిడ పేరు చెప్పారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అత్త ఇంటికి బియ్యం మోసినవాళ్ళే, ఆసుపత్రికి తీసుకెళ్ళినవాళ్ళే. పిల్లకి ఏ కీడూ జరగకూడదన్న భయం వాళ్ళది. మరదలు ఒక్కటే మాటంది: "మా అమ్మ నాలుగింటికి లేచి, ఊరందరికీ వండి నన్ను చదివించింది. అమ్మ ఇవ్వకపోతే నాకు హారతే వద్దు." మా పురోహితుడి గారిని అడిగాం. ఆయన కాసేపు ఆలోచించి, తల్లి ఆశీర్వచనానికి దోషం ఉందని తను ఎక్కడా చదవలేదన్నారు. అలాగని గట్టిగా నిలబడి చెప్పనూ లేదు. మీ ఇంటి ఆచారం మీరు చూసుకోండి అన్నారు.

అసలు చిక్కు అత్తతోనే. "గొడవెందుకురా, హారతి ఎవరో ఒకరు ఇస్తారులే, వంట నేను చూసుకుంటాను" అంటోంది. చాలామంది దీన్ని ఆవిడ మంచితనం అంటున్నారు. నేను ఒప్పుకోను. పన్నెండేళ్ళ క్రితం వెనక్కి జరగడం నేర్చుకున్న మనిషి ఇంకా జరుగుతోంది, అంతే. తిరుమల హాల్లో వేలమందికి వడ్డించిన చేతులు కన్నకూతురి ముందు పళ్ళెం పట్టుకోవడానికి వణుకుతున్నాయి. గాయం మానడం అంటే ఇలాగే ఉంటుంది కాబోలు. వంటింట్లో ఎప్పుడో మానిపోయింది, పెళ్ళిపందిట్లో ఇంకా పచ్చిగానే ఉంది.

నేను అత్తకి ఉపన్యాసం ఇవ్వలేదు. ఏకాంత సేవలో ముత్యాల హారతి గురించి చెప్పాను. అన్నదానం హాలు పేరు తనకి తెలుసు, హారతి సంగతి తెలీదు. "రోజూనా?" అని అడిగింది. రోజూ అన్నాను. "స్వామికి అభ్యంతరం లేదా మరి" అని నవ్వింది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంకా సరేనని అనలేదు కూడా.

ఆవిడ సరే అనే బాధ్యత ఆవిడ ఒక్కదాని మీదే పెట్టడం కూడా అన్యాయమే. "నీకు ధైర్యం ఉంటే ఇవ్వు" అని దూరంగా నిలబడి చూడటం కాదు. ఎవరో ఒకరు మామ్మలాగా గుమ్మంలోకి వచ్చి, రావే అని చెయ్యి పట్టుకోవాలి. మా అమ్మ ఆ పని చేస్తానంది. తను పళ్ళానికి ఒక వైపు పట్టుకుంటుందట, అత్త ఇంకో వైపు. మా అమ్మ సామాన్యంగా ఇలాంటి విషయాల్లో నోరెత్తే మనిషి కాదు, అందుకే పెద్దవాళ్ళు కొంచెం తగ్గారు.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి అత్తలు, పిన్నులు, అమ్మమ్మలు ఉంటారు. వచ్చే పండక్కి ఊరెళ్ళినప్పుడు గమనించండి, హారతి సమయానికి ఎవరు వంటింట్లోకి వెళ్ళిపోతున్నారో. పెద్ద చర్చ పెట్టకండి, అందరి ముందూ అడిగి ఇబ్బంది పెట్టకండి. ముందురోజే వెళ్ళి, దీపానికి వత్తులు చెయ్యమనండి, తులసికోట దగ్గర పక్కన నిలబడమనండి. చిన్నగా మొదలుపెట్టండి. పెసరపప్పు కడగడంతో మొదలైన సంగతి చెప్పాను కదా.

తిరుమల వెళ్ళేవాళ్ళకి: అన్నప్రసాద కేంద్రంలో తినేముందు ఒక్కసారి ఆ పేరు తలుచుకోండి. ఆమె బృందావనం కూడా కొండ మీదే ఉంది, శ్రీవారి సేవకుల్ని అడిగితే దారి చెప్తారు. శ్రావణ శుద్ధ నవమి ఆమె వర్ధంతి, ఆ రోజు అక్కడ పుష్పాంజలి జరుగుతుంది. ఆమె జయంతిని నృసింహ జయంతి రోజునే జరుపుతారు. వీలైతే తరిగొండ కూడా వెళ్ళి రండి. ఆ నరసింహస్వామి గుడి ఇప్పుడు దేవస్థానం నిర్వహణలోనే ఉంది.

వచ్చే శనివారం నుంచి వాసిష్ఠ రామాయణం మొదటి భాగం, రాముడి దిగులు ఘట్టం, కలిసి చదువుదాం. పుస్తకం లేకపోయినా పర్వాలేదు, పద్యం నేను చదివి అర్థం చెప్తాను. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి, ద్విపద వాళ్ళ నోట్లో మనకంటే బాగా నడుస్తుంది.

గోవిందా గోవింద.